స్కూల్‌ది ఒక నమ్మకం, మనది ఇంకోటి: సర్దుకుపోవాలా, లెటర్ ఇవ్వాలా, స్కూలే మారాలా?

మొన్న దసరా సెలవులకి మా అక్క కొడుకు మా ఇంట్లో రెండు రోజులున్నాడు. తొమ్మిదో క్లాస్, విజయవాడ అవతల ఒక ట్రస్ట్ వాళ్ళు నడిపే రెసిడెన్షియల్ స్కూల్. రాత్రి అన్నాలయ్యాక మేడ మీద చాపేసుకుని పడుకుంటే ఉన్నట్టుండి "పిన్నీ, నాకు దేవుడు లేడనిపిస్తుంది, అక్కడ రోజూ సాయంత్రం ఆరింటికి ముప్పావుగంట భజన, నేను నోరు మెదపకపోతే వార్డెన్ సార్ ముందుకి పిలిచి ఒక్కడి చేతే పాడిస్తున్నాడు, నాకు దేవుడంటే కోపమేం లేదు గానీ అబద్ధం చెప్తున్నట్టుంటుంది, స్కూల్ మారిపోనా?" అన్నాడు.

నాకు వెంటనే ఏం చెప్పాలో తెలీలేదు. ఎందుకంటే నేను నాలుగు నుంచి పది దాకా కాన్వెంట్‌లో చదివాను, ఇంట్లో శుక్రవారం పూజ, బళ్ళో పొద్దున్నే పరలోక ప్రార్థన. మా అమ్మ జడలో పూలు పెట్టి పంపితే గేటు దగ్గర తీసి టిఫిన్ బాక్స్ మూతలో దాచుకుని, సాయంత్రం వాడిపోయిన ఆ పూలనే మళ్ళీ పెట్టుకుని ఇంటికెళ్ళేదాన్ని, అమ్మ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అంటే ఏడేళ్ళు రెండు వైపులా మేనేజ్ చేశానన్నమాట. అదే వీడికి చెప్పొచ్చు, "సర్దుకుపోరా" అని. కానీ నాకప్పుడు పెద్ద నమ్మకాలేం లేవు, వీడికి ఉన్నాయి, లేకపోవడం కూడా నమ్మకమే కదా. అందుకని నెల రోజులు దీని మీదే పడ్డాను. తెలిసిన టీచర్లని అడిగాను, ఒక లాయర్ ఫ్రెండ్ బుర్ర తిన్నాను, నా ఫ్రెండ్ ఒకావిడ (క్రిస్టియన్, వాళ్ళ పాప సరస్వతీ శిశుమందిర్ లాంటి స్కూల్లో చదువుతోంది) ఎలా నెట్టుకొస్తోందో కూర్చోబెట్టి కనుక్కున్నాను. ఇదే తిప్పలు పడేవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారని రాస్తున్నా.

ముందు చూడాల్సింది మతం కాదు, మంచం

చాలామంది అడిగే ప్రశ్న "మిషనరీ స్కూల్ బెటరా, శిశుమందిర్ బెటరా, కార్పొరేట్ బెటరా" అని. నా లెక్క ప్రకారం అది రెండో ప్రశ్న. మొదటిది పిల్లాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడు, డే స్కాలరా హాస్టలా? డే స్కాలర్‌కి అసెంబ్లీ పావుగంట, అది అయిపోతే లెక్కలు, సైన్స్, సాయంత్రం నాలుగున్నరకి ఇంటికి. ఇంట్లో వాళ్ళ దేవుడు, వాళ్ళ అన్నం, లేదా ఏ దేవుడూ లేకపోతే అదీ సరే. నేను ఏడేళ్ళు మేనేజ్ చేశానంటే నా తెలివి కాదండీ, నాలుగున్నరకి బెల్ కొట్టేవాళ్ళు, అదీ సంగతి. హాస్టల్లో ఆ బెల్ ఉండదు. పొద్దున ఐదింటికి సుప్రభాతం, తినే ముందు మంత్రం, సాయంత్రం భజన, లేకపోతే ఇటు వైపు పొద్దున మాస్ (చర్చి పూజ), రాత్రి రోజరీ (జపమాల), ఆదివారం చర్చి. రోజుకి నాలుగైదు సార్లు "నువ్వు మాలో ఒకడివేనా" అని అడిగినట్టే ఉంటుంది. పద్నాలుగేళ్ళ పిల్లాడికి రోజూ నాలుగుసార్లు ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమంటే మామూలు విషయం కాదు.

కాబట్టి మీ నమ్మకానికీ స్కూల్ నమ్మకానికీ బాగా దూరం ఉంటే, అదే స్కూల్లో హాస్టల్ మానేసి డే స్కాలర్‌గా మారడానికి వీలుందేమో ముందు చూడండి. స్కూల్ మారకుండానే సగం గొడవ పోతుంది. మా వాడి విషయంలో అది కుదరలేదు, తెనాలి నుంచి రోజూ తిరగడమంటే అయ్యే పని కాదు.

చూడటం, అనడం, చేయడం

నేను పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇది బాగా పనికొచ్చింది. ఇబ్బంది మూడు రకాలు. ఒకటి, అక్కడ ఉండి చూడటం: అందరూ ప్రార్థన చేస్తుంటే లైన్లో నిలబడటం. రెండు, నోటితో అనడం: ప్రార్థన చదవడం, పాట పాడటం. మూడు, ఒంటితో చేయడం: శిలువ గుర్తు వేసుకోవడం, హారతి కళ్ళకద్దుకోవడం, బొట్టు పెట్టుకోవడం, ప్రసాదం తినడం, బొట్టు తీసేయడం, గాజులు తీసేయడం.

పిల్లల్ని "నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడగండి, చాలామందికి మూడూ కాదు, ఏదో ఒక్కటే. నా ఫ్రెండ్ కూతురికి సరస్వతీ వందన సమయంలో నిలబడటం అస్సలు ఇబ్బంది కాదట, భోజన మంత్రం కూడా "అది సంస్కృతం మమ్మీ, పద్యం లాంటిది" అంటుందట, కానీ వసంత పంచమి రోజు బొట్టు పెట్టబోతే మాత్రం ఏడ్చేసింది. వాళ్ళమ్మ వెళ్ళి ప్రధానాచార్య గారితో పది నిమిషాలు మాట్లాడితే అయిపోయింది, "మాతాజీలకి చెప్తాలే అమ్మా" అన్నారట, అంతే. ప్రసాదం దగ్గర ఇంకో చిక్కొచ్చింది, వద్దంటే పక్క పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. ఇప్పుడు ఆ పాప చేతిలో తీసుకుని థ్యాంక్స్ చెప్పి పక్క పిల్లకి ఇచ్చేస్తుంది, పక్క పిల్లకి డబుల్ పులిహోర, ఎవరికీ బాధ లేదు. అదే "మా పాపకి మీ పద్ధతులేవీ వద్దు" అని మొత్తం మీద యుద్ధానికి వెళ్ళి ఉంటే ఒక్క బొట్టు కోసం స్కూలే పోగొట్టుకునేవాళ్ళు.

మా వాడిది రెండో రకం. కూర్చోమంటే కూర్చుంటాడు, పాడమంటేనే ప్రాణం మీదకొస్తుంది.

చట్టం ఏమంటుంది, ఎక్కడ ఆగిపోతుంది

రాజ్యాంగంలో ఆర్టికల్ 28 అని ఒకటుంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మత బోధన అసలు ఉండకూడదు, అది మొదటి భాగం. మనకి కావాల్సింది మూడో భాగం, 28(3): ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న ఏ స్కూల్లో అయినా సరే, చదివే పిల్లల్ని మత బోధనకో ప్రార్థనకో హాజరు కమ్మని బలవంతం చేయకూడదు, వాళ్ళ సమ్మతి ఉంటేనే. మిషనరీ స్కూల్‌కీ ఇదే, ట్రస్ట్ స్కూల్‌కీ ఇదే. 2009 విద్యా హక్కు చట్టం మైనారిటీ స్కూల్స్‌కి వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, దాన్ని చూపించి "మాకేం వర్తించదు" అనేవాళ్ళు ఉంటారు, అది వేరే చట్టం, ఇది రాజ్యాంగం, కలిపేయకండి.

బాగుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ వాక్యం చివర ఒక మెలిక ఉంది, మైనర్ అయితే ఆ సమ్మతి ఇవ్వాల్సింది గార్డియన్. అంటే పద్దెనిమిది నిండని పిల్లాడు వద్దన్నా నాన్న "పాడించండి సార్" అంటే, ఈ ఆర్టికల్ పట్టుకుని స్కూల్‌ని అడగడానికి వాడికి పెద్దగా ఏం మిగలదు. మా బావగారు అయ్యప్ప మాల వేసే మనిషి, నేను ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట "దండం పెట్టుకోవడానికి ఏం రోగమంట వాడికి?" కాబట్టి చాలా ఇళ్ళల్లో మొదటి లెటర్ ప్రిన్సిపాల్‌కి కాదు, నాన్నకి రాయాలి. ఇంట్లో వాళ్ళది, పిల్లలది ఒకే నమ్మకమైతే (నా ఫ్రెండ్ వాళ్ళలా) ఈ గైడ్‌లో సగం మీకు సులువు. ఇంట్లోనే తేడా ఉంటే అసలు పోటీ అక్కడ, స్కూల్ రెండో రౌండ్.

ఇక కోర్టు కేసుల్లో అందరూ చెప్పేది 1986లో వచ్చిన బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు. కేరళలో హిందూ సంస్థ నడిపే స్కూల్లో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకి చెందిన ముగ్గురు పిల్లలు, జాతీయ గీతం వస్తుంటే మర్యాదగా లేచి నిలబడతారు, కానీ పాడరు, వాళ్ళ విశ్వాసం ఒప్పుకోదు. 1985 జులైలో స్కూల్ నుంచి పంపించేశారు. సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, మన తెలుగాయనే, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేశారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన రాజ్యాంగం దాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయొద్దు అన్న అర్థం వచ్చేలా ముగించారు. నాకు ఇందులో ముఖ్యంగా కనపడింది ఏంటంటే ఆ పిల్లలు నిలబడ్డారు. కూర్చుని మొండికేయలేదు, పక్కవాళ్ళని పాడొద్దనలేదు. చూడటానికి ఒప్పుకున్నారు, అనడానికి ఒప్పుకోలేదు. గెలిచింది కూడా అందుకే అని నా అనుమానం.

ఇంకో పెద్ద తేడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. "నాకు మీది వద్దు" అనడం ఒకటి, "నాది తెచ్చుకుంటాను" అనడం ఇంకోటి. మొదటిదానికి 28(3) ఉంది. రెండోదానికి, అంటే మాల బట్టలు, హిజాబ్ లాంటివాటికి అంత గట్టి నేల లేదు. 2018లో కేరళ హైకోర్టు, క్రైస్తవ మేనేజ్‌మెంట్ స్కూల్లో తల మీద గుడ్డ, ఫుల్ చేతుల చొక్కా అడిగిన ఇద్దరు ముస్లిం అమ్మాయిల కేసులో డ్రెస్ కోడ్ నిర్ణయించే హక్కు స్కూల్‌దే అంది. కర్ణాటక హిజాబ్ కేసులో 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జిలూ చెరో మాట చెప్పారు. మన దగ్గర ఏటా కార్తీకం వస్తే అయ్యప్ప మాల, నల్ల బట్టలు, చెప్పుల్లేకుండా రావడం, దాని మీద ఏదో ఒక ఊళ్ళో గొడవ. మండలం దీక్ష వేసే ఆలోచన ఉంటే ముందే వెళ్ళి మాట్లాడండి, యూనిఫాం మీద నల్ల కండువా వరకు చాలామంది ఒప్పుకుంటారు. వేసేసుకుని వెళ్ళి గేటు దగ్గర పంచాయితీ పెడితే పరువు ప్రశ్న అయిపోతుంది. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో ఒక స్కూల్లో హనుమాన్ దీక్ష బట్టల మీద మొదలైన మాట, బయట జనం వచ్చి అద్దాలు పగలగొట్టేదాకా పోయింది. ఆ పిల్లలు మర్నాడు అదే క్లాస్‌లో కూర్చోవాలి కదా, దాని గురించి ఎవడూ ఆలోచించడు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే, సంఘాల వాళ్ళని, యూట్యూబ్ చానెల్ వాళ్ళని పిలవకండి, ఏ మతం వాళ్ళైనా సరే. వాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు.

సరే, మరి ఏం చేయాలి

సర్దుకుపోవడం అంటే చాలామందికి చిన్నచూపు, పిరికితనం అన్నట్టు. నాకలా అనిపించదు. టెన్త్‌కి ఇంకో ఏడాది ఉంది, ఇబ్బంది "చూడటం" వరకే ఉంది, ఫ్రెండ్స్ ఉన్నారు, టీచర్లు బాగున్నారు అంటే సర్దుకుపోవడమే తెలివైన పని. దీనికి ఖర్చు లేదు. కానీ ఒక హద్దు పెట్టుకోండి: పిల్లాడు పొద్దున లేచి స్కూల్‌కి వెళ్ళాలంటే కడుపునొప్పి అంటున్నాడా, ఆదివారం సాయంత్రం అవగానే మొహం మాడిపోతోందా, అప్పుడది సర్దుకుపోవడం కాదు, మింగడం. నేను పెదాలు కదిపేదాన్ని, లోపల ఎక్కాలు చదువుకునేదాన్ని, పదమూడో ఎక్కం నాకు ప్రార్థనలోనే వచ్చింది. నాకది సరిపోయింది. అందరికీ సరిపోవాలని లేదు.

నోటి మాటతో అడగడం రెండో దారి, నా ఓటు ఎక్కువసార్లు దీనికే. క్లాస్ టీచర్‌తో మొదలుపెట్టాలి, ప్రిన్సిపాల్‌తో కాదు, ఎందుకంటే అసెంబ్లీలో పక్కన నిలబడేది క్లాస్ టీచరే, ఆవిడ చూసీ చూడనట్టు వదిలేస్తే అసలు ప్రాబ్లమే లేదు. కాథలిక్ స్కూల్ అయితే (మనవాళ్ళు ఆర్‌సీఎం స్కూల్ అంటారే అవి) మీ చేతిలో ఒక మంచి పాయింట్ ఉంది: 2024లో భారత కాథలిక్ బిషప్‌ల సమాఖ్యే తమ స్కూల్స్‌కి మార్గదర్శకాలు ఇచ్చింది, వేరే మతం పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దు, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి, అన్ని మతాల వాళ్ళకీ పనికొచ్చే ప్రార్థన గది పెట్టండి అని. మర్యాదగా గుర్తుచేస్తే చాలు. ఆ స్కూల్స్‌లో ఎప్పటినుంచో కాథలిక్ పిల్లలకి క్యాటకిజం (వాళ్ళ మత పాఠం), మిగతావాళ్ళకి మోరల్ సైన్స్ అని విడదీసే అలవాటు కూడా ఉంది, మీ వాళ్ళని ఎందులో కూర్చోబెడుతున్నారో కనుక్కోండి. సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్ట్ స్కూల్స్ వేరే వేరే మేనేజ్‌మెంట్లు, వాటికి ఈ కాగితం వర్తించదు.

లెటర్ మూడోది. మాటతో కానప్పుడే. ఇలా రాస్తే చాలు:

"మా అబ్బాయి తొమ్మిదో తరగతి బి సెక్షన్. ప్రార్థన సమయంలో వాడు లైన్లో మౌనంగా, మర్యాదగా ఉంటాడు. ప్రార్థన చదవమని, పాడమని వాడిని అడగవద్దని తల్లిదండ్రులుగా కోరుతున్నాం. దీనివల్ల వాడి హాజరు, మార్కుల మీద ప్రభావం పడకుండా చూడగలరు."

అంతే. ఆర్టికల్ నంబర్ మొదటి లెటర్‌లో వేయకండి, వేస్తే అది లాయర్ నోటీసులా కనిపిస్తుంది, వాళ్ళు వాళ్ళ లాయర్‌కి ఫోన్ చేస్తారు. రెండో లెటర్‌కి దాచుకోండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ఆఫీసులో స్టాంప్, తేదీ వేయించుకోండి. దానికీ జవాబు లేకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి). కొట్టడం, అందరి ముందు అవమానించడం లాంటిది జరిగితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, బాలల హక్కుల కమిషన్‌కి రాయొచ్చు.

లెటర్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త, ఇది మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్ళకి సంబంధించింది, ఎవరూ పైకి మాట్లాడరు. ఆదివారం చర్చికి వెళ్తారు, సర్టిఫికెట్‌లో హిందూ, ఎస్సీ అని ఉంటుంది. 1950 నాటి ఎస్సీ ఆర్డర్ ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధం కాకుండా వేరే మతంలోకి వెళ్తే ఎస్సీ హోదా ఉండదు, మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందకొస్తారు. అది న్యాయమా కాదా అనేది వేరే పెద్ద చర్చ, కానీ స్కూల్ ఫైల్లో "మేము క్రైస్తవులం కాబట్టి" అని సంతకం పెట్టిన కాగితం రేపు స్కాలర్‌షిప్ దగ్గరో సీటు దగ్గరో ఎవడైనా తీస్తే తలనొప్పి. అబద్ధం రాయమని కాదు, అసలు మతం పేరు రాయాల్సిన అవసరమే లేదు. 28(3)లో కారణం చెప్పాలని ఎక్కడా లేదు, సమ్మతి లేదు అంటే లేదు. నాస్తికులకీ ఇంతే, "దేవుడు లేడు కాబట్టి" అని రాయనక్కర్లేదు. (అన్నట్టు కుల, మత కాలమ్ ఖాళీగా ఉంచుకోవాలనుకునేవాళ్ళకి, 2023లో తెలంగాణ హైకోర్టు బర్త్ సర్టిఫికెట్ అప్లికేషన్‌లో "మతం లేదు, కులం లేదు" అనే కాలమ్ పెట్టమని చెప్పింది, మంచిదే.)

మారాల్సి వస్తే ఎక్కడికి

మారడం చివరి దారి, కానీ తప్పు దారి కాదు. టైం మాత్రం చూసుకోండి. ఎనిమిది అయ్యాక, తొమ్మిది మొదట్లో మారిపోతే సుఖం. తొమ్మిదిలో సీబీఎస్‌ఈ రిజిస్ట్రేషన్ అయిపోయాక పదిలో మారడం అంటే కాగితాల జాతర. స్టేట్ సిలబస్‌లో అయినా టెన్త్ నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ జాబితా) వెళ్ళాక ఎవరూ చేర్చుకోరు.

ఎక్కడికంటే, నిజం చెప్పాలంటే ఏ రంగూ అంటని స్కూల్ అని ఒకటుంటుందని ఆశ పెట్టుకోకండి. జడ్పీ హైస్కూల్లో మత బోధన ఉండదు, ఖర్చూ లేదు, అన్ని రకాల పిల్లలూ ఉంటారు, నా దృష్టిలో నమ్మకం తేడా ఉన్న పిల్లాడికి అన్నిటికన్నా ఊపిరాడేది అదే, రోజూ అందరూ చెప్పే ప్రతిజ్ఞ కూడా మన నల్గొండ జిల్లా ఆయన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో రాసిందే, అందులో దేవుడి పేరు లేదు. కానీ అక్కడా సరస్వతీ పూజ చేస్తారు, వినాయక చవితి చందా అడుగుతారు. కేంద్రీయ విద్యాలయాల్లో "అసతోమా సద్గమయ" ప్రార్థన మీద కేసు వేస్తే 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని పెద్ద బెంచ్‌కి పంపింది, అంటే సెంట్రల్ గవర్నమెంట్ బళ్ళో కూడా ఇది తేలని సంగతే. అక్కడ సీటు రావడం ఎలాగూ ట్రాన్స్‌ఫర్ ఉద్యోగాల వాళ్ళకే సులువు.

కార్పొరేట్ స్కూల్స్‌లో దేవుడి గురించి పట్టించుకోరు, వాళ్ళ దేవుడు ర్యాంకు. పరీక్షల ముందు హాల్ టికెట్లు పటం ముందు పెట్టి కొబ్బరికాయ కొడతారు, అంతవరకే. మతం ఇబ్బంది తప్పించుకోవడానికి అక్కడికి వెళ్తే మాత్రం పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్, భజన ముప్పావుగంటే కదా అనిపిస్తుంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ లాంటివి ఉన్నాయి, ఏ మతానికీ చెందని ఆలోచనతో జిడ్డు కృష్ణమూర్తి పెట్టింది, కానీ ఆ ఫీజులు మనలాంటోళ్ళం చూసి రావడానికే. వేరే మతం వాళ్ళ స్కూల్‌కే మారుతుంటే అడ్మిషన్ ముందు ఒక పని చేయండి, పొద్దున తొమ్మిదింటికి గేటు బయట నిలబడి అసెంబ్లీ మొత్తం వినండి. బ్రోచర్‌లో లేనివన్నీ ఆ పావుగంటలో తెలుస్తాయి. పాడనివాళ్ళని ఎవరైనా కర్ర పట్టుకుని చూస్తున్నారా, అది చూడండి.

ఓపెన్ స్కూల్ గురించి కూడా అడిగారు కొందరు. పద్నాలుగేళ్ళు నిండితే టెన్త్ రాయొచ్చు, ఏపీకి, తెలంగాణకి, కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్‌కి వేర్వేరుగా ఉన్నాయి. స్కూల్లో పిల్లాడు నిజంగా నలిగిపోతుంటే తప్ప నేను సలహా ఇవ్వను. ప్రార్థన నుంచి తప్పించబోయి ఫ్రెండ్స్ నుంచి తప్పించినట్టవుతుంది.

ఈ విషయంలో పిల్లలకే కాదు, పాఠం చెప్పేవాళ్ళకీ దెబ్బలు తగిలాయి మన దగ్గర. నాస్తిక ఉద్యమం నడిపిన గోరా గారు కాకినాడ పీఆర్ కాలేజీలో బోటనీ చెప్తుంటే నాస్తికత్వం గురించి రాశారని 1933లో తీసేశారు, తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరారు, 1940 నాటికి అదీ వదిలేసి ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టుకున్నారు. మా వాడికి ఈ కథ చెబితే "ఆయనకి జీతం పోయింది పిన్నీ, నాకు టీవీ టైం పోతుంది" అన్నాడు. పిల్లలకి మనకంటే లెక్క బాగా తెలుసు.

పేరెంట్స్‌కి ఒక్క మాట. మీ గొడవని పిల్లల భుజం మీద పెట్టకండి. వాళ్ళకి అసలు ఇబ్బందే లేకుండా "మా పిల్లాడితో శిలువ గుర్తు వేయిస్తారా" అని మీరు వెళ్ళి అరిస్తే, మర్నాటి నుంచి లంచ్‌లో వాడి పక్కన ఎవరు కూర్చుంటారో మీకు తెలీదు. అలాగే పిల్లాడు నిజంగా ఇబ్బంది పడుతుంటే "మేమంతా అలాగే చదువుకున్నాం" అని కొట్టిపారేయకండి, నాతో సహా.

మా వాడి సంగతి. స్కూల్ మార్చొద్దనే అన్నాను, టెన్త్ దగ్గరకొచ్చింది, అక్కడ సైన్స్ సార్ అంటే వాడికి ప్రాణం. బావగారితో మూడు సార్లు మాట్లాడాల్సొచ్చింది. మూడోసారి నేను వాదించడం మానేసి "బావగారూ, మీరు మాలలో ఉండగా ఎవరైనా బలవంతంగా ఇంకో ప్రార్థన పాడిస్తే ఎలా ఉంటుంది?" అని ఊరుకున్నా. ఆయన ఏం మాట్లాడలేదు, కానీ తర్వాతి ఆదివారం హాస్టల్‌కి వెళ్ళినప్పుడు వార్డెన్‌తో "వాడిని పాడించకండి సార్, ఏదైనా పని చెప్పండి" అన్నాడట. లెటర్ లేదు, స్టాంప్ లేదు. ఇప్పుడు భజన టైంలో మెస్‌లో ప్లేట్లు సర్దడం, వాటర్ జగ్గులు నింపడం వాడి డ్యూటీ. మొన్న ఫోన్ చేసి, ఇంకో ఇద్దరు కూడా అదే డ్యూటీ కావాలని వార్డెన్ వెనక పడుతున్నారని చెప్పాడు. వాళ్ళకి దేవుడంటే మంచి భక్తే అట, శనివారం గులాబ్ జామూన్ గిన్నె ముందు కనిపించేది ఆ డ్యూటీ వాళ్ళకే అని తెలిసిపోయింది.